పాతకారుకు యోగ్యతాపరీక్ష



కృష్ణాడెల్టాలో ఇంటిముందు కారు నిలిచియుండుట ఒకనాడు జమీందారులకును, మిల్లు యజమానులకును, పేరుపొందిన వైద్యులకును మాత్రమే చెల్లిన వైభవము. నేడు పామర్రులోని బడిపంతులును, గుడివాడలో బట్టలకొట్టు గుమాస్తాయు, ఉయ్యూరు దగ్గర చెరకుతోట కౌలుకు చేసికొను రైతును గూడ, ముసలి తలిదండ్రులను ఆసుపత్రికి తీసికొనిపోవుటకో, పిల్లలను విజయవాడ కళాశాలలో దింపి వచ్చుటకో ఒక చిన్నకారు కావలెనని కోరుకొనుచున్నారు. అది న్యాయమైన కోరిక. ఆ కోరికను తీర్చునది చాలమందికి క్రొత్తకారు కాదు. పదేండ్లో పన్నెండేండ్లో తిరిగి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, లక్ష రూపాయలకో లక్షన్నరకో దొరకు పాతకారు. దానిని కొనువాడు ఎన్నాళ్ళో కూడబెట్టిన సొమ్ముతో కొనును, తన ఇంటిల్లిపాదిని అందులో కూర్చుండబెట్టును. కావున ఆ బండి రోడ్డుపై తిరుగుటకు యోగ్యమా కాదా అను విచారణ చిన్నవిషయము కాదని తలచి, దానిని గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మధ్యతరగతి ముంగిటికి కారును తెచ్చిన బండిని తలపక ముందుకు సాగరాదు. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళములను దానిని కొన్నవారి చేతికి స్వయముగా అందించిరి. మూడు సిలిండర్లతో, 796 ఘనసెంటీమీటర్ల చిన్న ఇంజనుతో, పన్నెండంగుళముల చక్రములతో గుర్గాఁవ్ కర్మాగారమునుండి వెలువడిన ఆ బండి ముప్పదేండ్లపాటు, అనగా 2014 జనవరివరకు, తయారగుచునే యుండెను. 2000లో వచ్చిన ఆల్టో దాని బాధ్యతను అందుకొనెను. నేడు మన డెల్టాలో చేతులు మారుచున్న చిన్నకార్లలో అధికభాగము ఈ వంశమునకు చెందినవే. తేలికయైన బండి, సులభమైన యంత్రము, ఏ పల్లెటూరి మెకానిక్కుకైనను తెలిసిన పని, ఏ మూలనైనను దొరకు విడిభాగములు: ఇవి దాని సుగుణములు. ఎంత సుగుణవతియైన బండియైనను వయస్సు మీరినపుడు పరీక్షకు నిలువవలసినదే.

ఆ పరీక్ష చేయువారెవరు? లారీ, బస్సు, ఆటో, టాక్సీల విషయమున చట్టమే ఈ బాధ్యతను వహించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 56వ సెక్షను ప్రకారము రవాణా వాహనమునకు ఎఫ్.సి. అను యోగ్యతాపత్రము ఉండి తీరవలెను. క్రొత్తబండికి మొదట రెండేండ్లకు, ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్లకొకమారు, ఆ పిమ్మట ఏటేటా దానిని పునరుద్ధరించుకొనవలెను. ఎఫ్.సి. గడువు దగ్గరపడినదన్నచో లారీ యజమాని ఇంట హడావుడి చెప్పనలవికాదు. బ్రేకులు సవరించుట, లైట్లు మార్చుట, రంగు కొట్టించుట, వెనుక రిఫ్లెక్టరు అంటించుట, ఇవన్నియు ముగించుకొని బండిని తనిఖీకి నిలుపును.

సొంతకారు సంగతి వేరు. దానికి కొన్ననాడు చేయించిన రిజిస్ట్రేషను 15 ఏండ్లవరకు చెల్లును. ఆ 15 ఏండ్లలో ఏ అధికారియు దాని బ్రేకును త్రొక్కి చూడడు, దాని అడుగుభాగమును వంగి పరికింపడు. పొగ పరీక్ష యొక్కటే మధ్యమధ్య తగులునది. 15 ఏండ్లు నిండిన తరువాత యజమాని 25వ నంబరు ఫారముతో దరఖాస్తు పెట్టి, బండిని తనిఖీకి నిలిపి, అది యోగ్యమని తేలినచో మరి అయిదేండ్లకు పునరుద్ధరణ పొందును. కారుకు 600 రూపాయలుగా నుండిన ఈ రుసుము 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి 5,000 రూపాయలైనది. ఈ నడుమనే, అనగా ఎవ్వరును చూడని ఆ 15 ఏండ్లలోనే, చిన్నకారు సాధారణముగా రెండుమూడు చేతులు మారును. బ్రేకులు అరిగినను, స్టీరింగు వదులైనను, అడుగు చిల్లులుపడినను కాగితములపై అది నిక్షేపముగా నున్న బండియే. కావున ఆ కాలమున పరీక్షాధికారి స్థానము ఖాళీగా నున్నదని, ఆ స్థానమున కూర్చుండవలసినవాడు కొనువాడేనని నా నిశ్చితాభిప్రాయము.

కొన్ని ఇతరదేశములలో ఈ ఖాళీ లేదు. బ్రిటనులో 1960లో ఎం.ఓ.టి. అను పరీక్షను ప్రవేశపెట్టిరి. మొదట పదేండ్లు దాటిన బండ్లకు మాత్రమే, అదియు బ్రేకులు, లైట్లు, స్టీరింగు మాత్రమే చూచుటకు ఏర్పడిన ఆ తనిఖీ క్రమముగా విస్తరించి, 1967 నాటికి మూడేండ్లు నిండిన ప్రతికారుకును ఏటేటా జరుగునదైనది. జర్మనీలోనేమి, జపానులోనేమి, మూడేండ్లు నిండినపుడు మొదటి పరీక్ష, అటుపై రెండేండ్లకొకటి. బ్రిటిషు పద్ధతిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది పరీక్షకన్నను దాని ఫలితమును వ్రాయు తీరు. ఉత్తీర్ణమైనది, కాలేదు అని రెండు ముక్కలలో తేల్చివేయక, దోషములను అపాయకరములని, ప్రధానములని, స్వల్పములని 2018నుండి విభజించుచున్నారు. నేటికి పరవాలేదుగాని త్వరలో చూచుకొనవలసినవి యేవో వానిని సూచనలుగా వేరుగా వ్రాయుచున్నారు. బండి నంబరు తెలిసిన యెవరైనను ఆ బండి పూర్వచరిత్రయంతయు, ఏయేటి పరీక్షలో ఏ దోషము బయటపడినదో, అప్పటికి మీటరుపై ఎన్ని మైళ్ళున్నవో, రొక్కము చెల్లింపకయే చూచుకొనవచ్చును. మీటరును వెనుకకు త్రిప్పి అమ్మజూచువాని ఆటలు అక్కడ అంతగా సాగకపోవుటకు ఇదియొక కారణము. మన రిజిస్ట్రేషను వివరములన్నియు నేడు కంప్యూటర్లకెక్కినవి; బీమా గడువు, పొగ పరీక్ష గడువు చేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి. వానిచెంతనే బండి తనిఖీఫలితమునకును చోటు కల్పించుట అసాధ్యమైన పని కాదు. అది జరుగవలెనని నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను.

ఒక్కవిషయము మరువరాదు. యోగ్యతాపరీక్ష బండి అపాయకరమా కాదా యని చూచునేగాని బండి మంచిదా కాదా యని చూడదు. ఆ బ్రిటిషు పరీక్ష సయితము ఇంజను లోపలి అరుగుదలను, క్లచ్చును, గేరుపెట్టెను పరిశీలింపదు. యోగ్యతాపత్రము చేతబట్టుకొనివచ్చిన బండి మరునెలలోనే ఇంజను విప్పవలసివచ్చెనని బాధపడువారు ఈ భేదమును గ్రహింపనివారు. ఒకటి ఎదుటివాని ప్రాణమునకు సంబంధించినది, రెండవది మన జేబునకు సంబంధించినది. రెండును వేర్వేరుగా చూచుకొనవలసినవే. నా ప్రసంగములో మొదటిదానికే పెద్దపీట.

ఇక డెల్టాకు వత్తము. ఏ ప్రాంతపు బండికి ఆ ప్రాంతపు నేలయు నీరును దోషములను కల్పించును. బ్రిటనులో శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు కారు అడుగును తినివేయును. మనకు ఆ మంచు లేదుగాని ఉప్పునకు కొదువలేదు. మచిలీపట్నము, కోడూరు, నాగాయలంక వైపు సముద్రపుగాలిలోనే ఉప్పున్నది. కైకలూరు ప్రాంతమునుండి చేపలను, రొయ్యలను మోసికొనిపోవు వాహనములు దారిపొడవునను నీరు కార్చుకొనుచు పోవును. దమ్ముచేసిన వరిమళ్ళనుండి ఇనుపచక్రములు విప్పి రోడ్డెక్కిన ట్రాక్టరు విడిచిన రేగడిబురద కారు మడ్‌గార్డుల లోపల అంటుకొని, ఎండిపోయినట్లు పైకి కనబడుచునే లోపల తేమను నెలల తరబడి పట్టియుంచును. తుప్పు అక్కడ పుట్టును. తలుపుల అడుగుఅంచున నీరు పోవుటకై విడిచిన సన్ననిరంధ్రములు మట్టితో పూడుకొనిపోయినచో తలుపు లోపలినుండి చివుకును. కాళ్ళక్రింది మ్యాటు ఎత్తి చూచినచో నేల రేకు పొరలుపొరలుగా ఊడివచ్చును. బ్యాటరీ క్రింది పళ్ళెము ఆమ్లము చిందుటచే తినబడును. అన్నింటికన్న భయంకరమైనది, ముందుచక్రముల షాక్‌అబ్జార్బర్లు పైకివచ్చి బిగియుచోట, బానెట్టు ఎత్తిన కుడియెడమల కనబడు ఆ గుండ్రని గూళ్ళవద్ద పట్టిన తుప్పు. బండి బరువంతయు అక్కడ ఆనియున్నది.

బ్రేకుల విషయమున మన డెల్టాకు ఒక ప్రత్యేకత కలదు. ఇది సమతలమైన నేల. బండిని ఎక్కడ నిలిపినను కదలదు. గేరులో పెట్టి దిగిపోవుదురు, హ్యాండ్‌బ్రేకు లాగువారు అరుదు. వాడని హ్యాండ్‌బ్రేకు తీగ తన గొట్టములోనే తుప్పుపట్టి బిగుసుకొనిపోవును. ఆ లోపము ఏండ్లతరబడి బయటపడదు. ఒకనాడు అమ్మవారి దర్శనమునకై ఇంద్రకీలాద్రి ఘాటురోడ్డు ఎక్కుచు ముందుబండి నిలిచినందున తానును నిలువవలసివచ్చినపుడో, కనకదుర్గ వంతెనపై రద్దీలో చిక్కినపుడో, కాలువవంతెన ఎత్తుపై ఎదురుబండికి దారి ఇచ్చునపుడో హ్యాండ్‌బ్రేకు లాగినచో పిడికిటిలోని మీట పైకి వచ్చునేగాని బండి మాత్రము వెనుకకు జారిపోవును. కావున పాతకారును కొనబోవువారు ఎత్తుగల చోటొకటి వెదకి, అక్కడ హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రలులో నుంచి, పాదమును తీసి చూడవలెను. ఈ పరీక్ష డెల్టావాసులకు తోచనిది, అందుకే చెప్పుచున్నాను.

కాలి బ్రేకునకు వత్తమేని, ఈ చిన్నకార్లలో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉండును. డ్రమ్ములోని వీల్‌సిలిండరు రబ్బరు కప్పులు పాతబడి బ్రేకునూనె కారుట మిక్కిలి సాధారణము. వెనుకచక్రము లోపలివైపున వంగి చూచినచో తడియారని జిడ్డుమరక కనబడును. ఆ నూనె లైనర్లపై పడెనా, ఆ చక్రము పట్టుట మాని, బ్రేకు వేసినపుడు బండి ఒకప్రక్కకు లాగును. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. నీరు చేరినకొలదియు అది మరగు ఉష్ణోగ్రత తగ్గిపోవును. మన ఉక్కబోతలో రెండేండ్లకొకమారు మార్చవలసిన ఆ నూనెను బండి కొన్ననాటినుండి మార్చనివారు అనేకులు. బండి అడుగున నేలరేకువెంబడి వెనుకకు పోవు సన్నని ఇనుపగొట్టములను గూడ వ్రేలితో తడిమి చూడవలెను. అవి తుప్పుతో గరుకెక్కియున్నచో, అమ్మువాడు ఎంత తగ్గించినను ఆ ఖర్చు ముందుగా లెక్కకట్టుకొనవలెను.

విజయవాడ ఆటోనగరులో ఒక ఉదయము నేను కన్నులార చూచిన పరీక్షను వర్ణించినచో ఈ విషయము మరింత తేటపడును. 1960వ దశకమున ఊరికి తూర్పున వెలసి, లారీబాడీలు కట్టుటకును, ఇంజన్లు విప్పుటకును దక్షిణదేశమంతటను పేరుమోసిన ఆ జవహర్ ఆటోనగరు వీధులలో, వెల్డింగు మెరుపులు, సుత్తిదెబ్బలు, డీజిలు వాసన నడుమ ఒక చిన్న షెడ్డు. పామర్రువైపునుండి వచ్చిన పంతులుగారొకరు తాము బేరమాడిన తెల్లని ఆల్టోను చూపుటకు తెచ్చియుండిరి. బండి తళతళలాడుచున్నది. అరువదేండ్లకు పైబడిన మేస్త్రి ఇంజను మూత ఎత్తలేదు, తాళమును త్రిప్పలేదు. జేబులోనుండి రూపాయిబిళ్ళంత అయస్కాంతమును తీసి, చేతిగుడ్డ నడుమ పెట్టి, తలుపులవెంబడి, మడ్‌గార్డులవెంబడి మెల్లగా జరుపుచు పోయెను. వెనుక ఎడమచక్రము మీద ఒకచోట అది అంటక జారి క్రిందపడెను.

“ఇక్కడ రేకు లేదు మాస్టారూ, లప్పం” అనెను మేస్త్రి.

“రంగు బాగానే ఉంది గదండీ మేస్త్రిగారూ?”

“రంగుదేముందండీ, మూడ్రోజుల పని. కింద చూడాలి.”

పిమ్మట జాకీపై ముందుచక్రమును లేపి, బండి జారకుండ క్రింద దిమ్మ పెట్టి, పంతులుగారినే పిలిచి పట్టుకొమ్మనెను. “పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగన్నా పోయుండాలి, బాల్‌జాయింటన్నా పోయుండాలి. ఇప్పుడు పక్కలు పట్టుకుని ఊపండి. కదిలితే స్టీరింగు రాడ్డు చివర అరిగినట్టు.” చక్రము ప్రక్కలకు కదలెను. ఆ కదలిక అర అంగుళమైనను లేదు. కాని గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమున జాతీయరహదారిపై పోవు బండికి ఆ కొద్దిపాటి వదులే దారి తప్పించుటకు చాలును. అరిగినది చిన్నభాగము, మార్చుట ఒక పూట పని. దానిని చూడకయే కొనియున్నచో, పంతులుగారి కుటుంబము ఆనాడే ఆ బండిలో తిరుగు ప్రయాణము చేసియుండెడిది.

స్టీరింగు, సస్పెన్షనుల దోషములు మన దగ్గర ఇంత విరివిగా నుండుటకు కారణము నేలయే. డెల్టాలోని నల్లరేగడి తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు బీటలువారి క్రుంగును. దానిపై పరచిన తారురోడ్డు అలలుగా లేచి పడును. కరకట్టలమీది దారులలోను, పంటకాలువల గట్లమీది దారులలోను ఒక అంచు కాలువవైపునకు దిగబడియుండును. పన్నెండంగుళముల చిన్నచక్రము పెద్దబండి చక్రమువలె గుంటను దాటిపోక అందులో దిగి లేచును. ఆ దెబ్బలన్నియు లోయర్‌ఆర్ము బుష్షులమీదను, బాల్‌జాయింట్లమీదను, డ్రైవుషాఫ్టు చివరి రబ్బరు తొడుగులమీదను పడును. ఆ తొడుగు చిరిగినచో లోపలి గ్రీజు చిమ్మిపోయి, బదులుగా ఇసుకయు నీరును చేరును. స్టీరింగు పూర్తిగా త్రిప్పి మెల్లగా పోనిచ్చినపుడు చక్రమువద్ద కటకటమని వినవచ్చు చప్పుడు దాని ఆనవాలు.

టైర్ల విషయమున నియమము స్పష్టముగా నున్నది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల నడుమ అక్కడక్కడ కనబడు చిన్న దిమ్మలతో సమముగా పైభాగము అరిగిపోయినచో ఆ హద్దు వచ్చినదని గ్రహింపవలెను. అయితే పాతకారు విషయమున నా భయము అరుగుదలకన్న ముసలితనమును గురించి. తక్కువగా తిరిగిన బండియని చెప్పి అమ్మువారి కారుకు గాడులు నిండుగా నుండవచ్చును, రబ్బరు మాత్రము మన రోహిణికార్తె ఎండలకు బీటలిచ్చియుండవచ్చును. టైరు ప్రక్కగోడపై అచ్చువేసిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2316 అనియున్నచో 2016లో 23వ వారమున తయారైనదన్నమాట. స్టెప్నీని గూడ చూచుట మరువరాదు. ఒకవైపు అంచు మాత్రమే అరిగిన టైరు, టైరును గురించి కాక ఎలైన్‌మెంటును గురించి ఫిర్యాదు చేయుచున్నది.

బ్రిటనులో ఏటేటా తప్పిపోవు కార్లలో మొదటిస్థానము లైట్ల దోషములదే. మనదగ్గర ఎవరును లెక్కింపకున్నను, రాత్రివేళ బందరురోడ్డుపై నడచినవారికి ఆ లెక్క అక్కరలేదు. ఒక్కకన్నుతో వచ్చు కారు దూరమునుండి మోటారుసైకిలు అనిపించును. ఎండకు పసుపువారిన హెడ్‌లైటు అద్దము సగము వెలుగును మ్రింగివేయును. కోతలకాలమున గడ్డిట్రాక్టర్లు వెనుకదీపము లేకయే చీకటిలో పోవు దారులవి. అట్టిచోట మన కారు దీపము ఎంతదూరము చూపునో అంతయే మన ఆయుర్దాయము. ఇరువురు కలిసి వెళ్ళి, ఒకరు బ్రేకు త్రొక్కగా మరియొకరు వెనుక నిలిచి ఎర్రదీపములు రెండును వెలుగుచున్నవో లేదో చూచుటకు కాసును పట్టదు, నిమిషమును పట్టదు.

ఆ కోతలకాలపు గడ్డియే మరియొక ఉపద్రవము. రోడ్లపై ఆరబోసిన వరిగడ్డిమీదుగా పోవు కారు అడుగున అది చుట్టుకొని, కాలుచున్న సైలెన్సరు గొట్టమునకు ఆనినచో అంటుకొనును. ఇంటివద్ద నిలిపిన బండిలోనికి ఎలుకలు చేరి తీగలను కొరుకును. వీనిని చూచినవారికి నేను చెప్పవలసినదేమియు లేదు.

పొగ పరీక్షలో పెట్రోలుకార్ల కార్బన్ మోనాక్సైడు హద్దు బండి పుట్టిన కాలమునుబట్టి మారును: కార్బురేటరు కాలపు పాతబండ్లకు 3 శాతము, తరువాతి భారత్ స్టేజి రెండు, మూడు బండ్లకు 0.5 శాతము, నాలుగవ స్టేజికి 0.3 శాతము. కొనువాడు ఆ పత్రమును నమ్ముటకన్న, ఉదయమున చల్లబడియున్న ఇంజనును తానే స్టార్టు చేయించి పొగను చూచుట మేలు. నీలిపొగ పిస్టను రింగులనో వాల్వు సీళ్ళనో, నల్లపొగ పెట్రోలు ఎక్కువగా కాలుటను, వేడెక్కిన పిమ్మటను ఆగని తెల్లపొగ హెడ్‌గ్యాస్కెట్టును పట్టియిచ్చును. తాను రాకముందే అమ్మువాడు ఇంజను వేడిచేసి యుంచినచో అనుమానింపవలెను. గ్యాసుకిట్టు బిగించిన బండియైనచో, సి.ఎన్.జి. సిలిండరును మూడేండ్లకొకమారు పరీక్షింపించవలెనను నియమమును గుర్తుంచుకొని, ఆ తేదీని అడిగి చూడవలెను.

ఇంతవరకు చెప్పినవి కాలముచే కలుగు దోషములు. విజయవాడలో పాతకారు కొనువారిని నేను ప్రత్యేకముగా హెచ్చరింపదలచినది నీటిని గురించి. 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు బుడమేరు గట్లు తెగి, సెప్టెంబరు 1వ తేదీనాటికి సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మున్నగు పేటలు జలమయములైనవి. అదే సమయమున కృష్ణలో ప్రకాశం బ్యారేజివద్దకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. మనుష్యులు పడిన బాధలముందు వాహనముల మాట చిన్నదే. అయినను ఆ పేటలలో దినముల తరబడి నీట నిలిచిన కార్లన్నియు తుక్కుక్రింద పోలేదు. బీమాసంస్థలు పూర్తినష్టముగా తీర్మానించిన బండ్లను వేలమున కొని, కడిగి, ఎండబెట్టి, సీట్లగుడ్డ మార్చి తిరిగి అమ్ముట దేశమంతటను వాడుకలోనున్న వ్యాపారమే. వరదబండి నీటినుండి తీసిననాడు కాదు, ఏడాది గడచిన పిమ్మట చెడును. కంప్యూటరుపెట్టె కాళ్ళ దగ్గరనో డాష్‌బోర్డు క్రిందనో నుండుటచే, తీగల అతుకులలో పచ్చనిచిలుము పట్టి, ఒకనాడు లైట్లు, మరియొకనాడు వైపరు, ఇంకొకనాడు ఇంజనే నిలిచిపోవును.

దానిని కనిపెట్టు ఉపాయములలో నాకు తెలిసిన మేలైనది ఇది: సీటుబెల్టును పట్టి, చుట్టలో ఏమియు మిగులకుండ కడదాక బయటకు లాగవలెను. బండిని కడిగినవారు బయటనున్న మూరెడు పట్టీని తోముదురేగాని లోపల చుట్టుకొనియున్న భాగమును తోమరు. అక్కడ బురదనీటి గీత అడ్డముగా నిలిచియుండును. సీటుక్రింద చేయిపెట్టి పట్టాల బోల్టులను తడుమవలెను. బండిలోపల నుండు ఆ బోల్టులకు తుప్పు పట్టుటకు వేరు కారణము లేదు. హెడ్‌లైటు లోపల చెమరింపు, మ్యాట్లక్రింద సన్నని ఒండ్రు, అత్తరు కొట్టినను పోని ముక్కవాసన గూడ సాక్ష్యమిచ్చును. ఇంజనునూనె కొలకఱ్ఱను తీసి చూచినపుడు నూనె పాలుపోసిన కాఫీరంగున నున్నచో అందులో నీరు కలిసినదని తెలిసికొని, మరుమాట లేక వెనుదిరుగవలెను. ఈ సందర్భముననే కారున్నవారికి ఒక మాట. నీట మునిగిన బండిని స్టార్టు చేయ యత్నింపరాదు. సిలిండరులో చేరిన నీరు గాలివలె నొక్కుడుపడదు. పైకివచ్చు పిస్టను దానిని ఢీకొని కనెక్టింగురాడ్డు వంగిపోవును. నీరు తీసిన వెంటనే బ్యాటరీ తీగ విప్పి, బండిని లాగించుకొని షెడ్డుకు చేర్చినవారి ఇంజన్లు దక్కును. ఆత్రముతో తాళము త్రిప్పినవారివి దక్కుట అరుదు.

పరీక్ష ఎవరిచేత చేయించవలెనను ప్రశ్న మిగిలినది. అమ్మువాడు చూపిన మెకానిక్కుచేత గాని, మధ్యవర్తి స్నేహితునిచేత గాని కాదు. మరమ్మతు పని మనకు అంటగట్టి లాభపడదలచినవానిచేతను కాదు. 2021 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము యంత్రపరీక్షాకేంద్రములకై వెలువరించిన నియమములలో నాకు మిక్కిలి నచ్చినది ఈ అంశమే: పరీక్షించు కేంద్రము బండ్లను మరమ్మతు చేయుటగాని, అమ్ముటగాని కూడదు. బ్రిటనులో పరీక్షించిన గ్యారేజీయే మరమ్మతు గూడ చేయవచ్చును. ఈ ఒక్క విషయమున మన నియమమే మేలైనదని నా తలంపు. రోలర్లపై బ్రేకును, తెరపై దీపపు గురిని, కదలుపలకలపై చక్రముల వదులును కొలిచి అంకెలలో చెప్పు అట్టి కేంద్రములు రవాణా వాహనములతోనే ఆగిపోక, సొంతకారు కొనదలచిన సామాన్యునికి గూడ కొద్ది రుసుముతో తలుపులు తెరచినచో డెల్టాలో ఎన్ని కుటుంబములకు మేలగునో! అవి అందుబాటునకు వచ్చువరకు, బండితో లావాదేవీ లేని ఒక మేస్త్రికి కూలియిచ్చి పూట సేపు చూపించుకొనుటయే దారి. బేరము తేలకముందే ఇది జరుగవలెను. బయానా ఇచ్చిన తరువాత కనబడు దోషములను మన కన్నులే ఒప్పుకొనవు.

పత్రముల సంగతి క్లుప్తముగా చెప్పి ముగింతును. సి-బుక్కులోని, అనగా రిజిస్ట్రేషను పత్రములోని, ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండిపై చెక్కిన నంబర్లతో స్వయముగా పోల్చుకొనవలెను. అప్పుపై కొన్న బండియైనచో బ్యాంకువారు సంతకము చేసిన 35వ ఫారము ఉండవలెను. అమ్మకము జరిగిన పిమ్మట అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాశాఖకు తెలియజేయవలెనని చట్టము చెప్పుచున్నది. బీమా పేరు మార్చుకొనుటకును కొన్నవానికి 14 దినములే గడువు. పేరు మార్పు కొన్నవాని బాధ్యతయేగదా యని అమ్మినవారు నిశ్చింతగా నుందురు. కాని రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమానియని, ప్రమాదము జరిగినచో పరిహారభారము వారిపైననే పడునని సర్వోన్నతన్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. బండి పలుచేతులు మారినను పేరు మారనందున మొదటియజమానియే బాధ్యుడైన వ్యాజ్యమది. కావున 29, 30 నంబరు ఫారములపై సంతకములు తాళములిచ్చిననాడే పూర్తిచేయించి, పేరు మారినట్లు రవాణాశాఖనుండి వర్తమానము వచ్చువరకు, అమ్మినవారును కొన్నవారును వాని నకళ్ళను భద్రపరచుకొనవలెను.